నవలలో మన మనిషికి ఎవరి గొంతు ఇస్తున్నాం?

మిరప కోతలయ్యి కాయ కల్లాల్లో ఎండే రోజుల్లో, రాత్రిళ్లు కల్లం కావలి దగ్గరా, చర్చి ముందు వేపచెట్టు కిందా నవలలు పైకి చదివి వినిపించే పనిని మన సంఘాల పిల్లలు కొన్ని ఊళ్లల్లో చేపట్టారు. చాలా అవసరమైన పని. చదువు రాని మన పెద్దలకు పుస్తకం చేరాలంటే గొంతు ద్వారానే చేరాలి. కాబట్టి చదివే గొంతు చిన్న విషయం కాదు. ఆ గొంతు గురించే మాకొక పేచీ ఉంది. దాన్ని కడుపులో దాచుకోకుండా ఇక్కడ పెడుతున్నాం.

మేము విన్న చోటల్లా జరుగుతున్నది ఇది. కథ నడిచే భాగం చదివినంతసేపూ కుర్రాడు బాగానే చదువుతాడు. ఆసామి మాట రాగానే ఛాతీ ముందుకొస్తుంది. గొంతు బావిలోంచి వచ్చినట్టు బరువెక్కుతుంది. ఒక్కో మాట మీసం దువ్వుకుంటూ అన్నట్టు ఆగి ఆగి వస్తుంది. అదే పాలేరు మాట రాగానే మెడ వంగుతుంది, మాట ముక్కులోంచి సాగుతుంది, "అయ్యా" అనే రెండక్షరాలు చేంతాడంత పొడుగవుతాయి. చుట్టూ కూర్చున్న పిల్లలు నవ్వుతారు. ఎవర్ని చూసి నవ్వుతున్నారు? వాళ్ల తాతని చూసి. వాళ్ల నాయన్ని చూసి. ఆ సంగతి వాళ్లకు తెలియదు, చదివేవాడికి అసలే తెలియదు.

అక్కడే మంచం కోడుకు ఆనుకుని కూర్చున్న పెద్దోళ్లలో ఒక్కరన్నా ఆ గొంతుతో మాట్లాడతారా? పొద్దున్నే మిరపకాయ కోతకు పోయే ముఠాలో కూలి రేటు తేలేదాకా ఆటో ఎక్కనని మొండికేసే పెద్దమ్మ గొంతు వినండి. "నువ్విచ్చే డబ్బులకి నీ చేలో నువ్వే కోసుకోవయ్యా" అనే ఆ గొంతులో వంపు ఏమన్నా ఉందా? పత్తి కాటా దగ్గర కిలోకి వంద గ్రాములు కొట్టేస్తుంటే ముల్లు మీద వేలు పెట్టి చూపించే ఆడమనిషి గొంతు సాగుతుందా? మన వాడల్లో గట్టి గొంతులున్నాయి, ఎగతాళి గొంతులున్నాయి, కోపమొస్తే ఊరు చివరికి వినపడే గొంతులున్నాయి. అణిగిన గొంతులూ ఉన్నాయి, లేవని మేము అబద్ధమాడం. కానీ అణిగిన గొంతు కూడా ఆ సాగుడు గొంతులా ఉండదు. అది మాట తగ్గిస్తుంది, కళ్లు దించుకుంటుంది, ఒక్కోసారి అసలు పలకదు.

మరి ఈ వంకర గొంతు మన పిల్లలకు యాడ దొరికింది? వాడలో దొరకలేదు. నాటకంలో, సినిమాలో, బడిలో దొరికింది.

నాటకం సంగతి ముందు చూద్దాం. గుంటూరు, తెనాలి, ఒంగోలు పక్క తిరునాళ్లకు, శ్రీరామనవమి పందిళ్లకు సత్యహరిశ్చంద్ర ఆడని ఊరు లేదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం. అందులో కాటిసీను కోసమే జనం తెల్లవార్లూ కూర్చుంటారు. రాజు కాటికాపరి అయినా రాగం తగ్గదు. వీరబాహుడి దగ్గరికొచ్చేసరికి? వాడు కల్లుముంత పట్టుకుని తూలాలి, నత్తినత్తిగా మాట్లాడాలి, జనం నవ్వాలి. పుట్టుకతో కాటికాపరి అయినవాడికి నవ్వులాట గొంతు, కొన్నాళ్లకు కాటికాపరి అయిన రాజుకు పాట గొంతు. ఇందులో అసలు ఎగతాళి ఇంకోటుంది. ఆ కాటిసీనులో హరిశ్చంద్రుడు వేసేవాళ్లు ఎత్తుకునే శ్మశానం పద్యాలు మన జాషువా గారివి. 1895లో వినుకొండలో పుట్టి, అంటరానివాడని బడిలోనూ సభల్లోనూ అవమానాలు పడ్డ కవి రాసిన పద్యాలు. వన్స్‌మోర్లు కొట్టి వినే ఊరి పెద్దల్లో ఎందరికి తెలుసు అవి ఎవరి పద్యాలో? మన కవి పద్యం రాజు నోట్లో పెట్టారు. మన మనిషి నోట్లో నత్తి పెట్టారు.

సినిమా ఆ పనినే ఇంకా పెద్దగా చేసింది. కథానాయకుడు కోస్తా పెద్దకులాల ఇళ్లల్లో మాట్లాడే తెలుగు మాట్లాడాలి. పనోడు, పనిమనిషి, దొంగ, తాగుబోతు యాస మాట్లాడాలి. ఎన్నో ఏళ్లపాటు తెలంగాణ మాటను రౌడీకి, నవ్వులాటగాడికి ఇచ్చారు. ఉత్తరాంధ్ర మాటను వంటింటి పనివాళ్లకు ఇచ్చారు. గుంటూరు, ప్రకాశం మాల మాదిగల మాట ఎవరికీ ఇవ్వలేదు. అసలు అట్టాంటి మాటొకటి ఉందని వాళ్లకు తెలియదు. దాని బదులు తయారుచేసిందే ఈ "అయ్యగోరూ" గొంతు. ఏ జిల్లాలోనూ ఏ వాడలోనూ పుట్టని గొంతు, మద్రాసు స్టూడియోలో పుట్టిన గొంతు.

బడి సంగతి మాకు బాగా తెలుసు, మా బతుకే అది గనక. "కోస్తావాళ్ల భాషే పత్రికల భాష, మీకేం బాధ?" అని తెలంగాణ మిత్రులు అంటుంటారు. వాళ్ల కోపం న్యాయమే. కానీ కోస్తావాళ్లంటే ఎవరు? గిడుగు రామమూర్తి గారు, వాళ్ల తోటివాళ్లు గ్రాంథికం మీద పోరాడి నూరేళ్ల కిందట వాడుకభాషకు చోటు తెచ్చారు. గొప్ప పని, కాదనం. అయితే అప్పుడు గెలిచింది శిష్టజన వ్యవహారం. శిష్టులెవరో వేరే చెప్పాలా? ఊళ్లో ఆ వీధి భాష ప్రమాణం అయింది. అదే ఊరికి తూర్పునో దక్షిణాన్నో వాగు అవతల ఉన్న మన వాడ భాష తప్పు అయింది. మధ్యలో ఉన్నది అరమైలు దూరం. అరమైలుకే భాష చెడిపోద్దా?

ఒకటో తరగతిలో మన పిల్ల లేచి మాట్లాడితే 'శ', 'ష', 'స' దగ్గర ఆపుతారు, 'ళ' దగ్గర ఆపుతారు, వత్తు దగ్గర ఆపుతారు. మూడుసార్లు ఆపితే ఆ పిల్ల నాలుగోసారి నోరు తెరవదు. మార్కులొస్తాయేమో గానీ గొంతు పోద్ది. పెద్దయ్యాక పుస్తకం చేతికిస్తే ఆ పిల్లకు రెండే గొంతులు తెలుసు. ఒకటి బడి గొంతు, రెండోది సినిమా గొంతు. ఇంట్లో అమ్మతో మాట్లాడే గొంతు పుస్తకానికి పనికొస్తదని ఎవరూ చెప్పలేదు.

ఇది మన దగ్గరే జరిగింది కాదు. అమెరికాలో 1928 నుంచి రేడియోలో 'అమోస్ అండ్ ఆండీ' అనే కార్యక్రమం వచ్చేది. ఇద్దరు నల్లవాళ్ల కథ. ఆ ఇద్దరి గొంతులూ ఇద్దరు తెల్లవాళ్లవి. మాటలు వంకరగా పలికి, మూర్ఖంగా సాగదీసి దేశమంతా నవ్వించారు. దాన్ని విని నవ్విన నల్లవాళ్లూ ఉన్నారు. 1951లో అది టీవీకి ఎక్కినప్పుడు ఈసారి నల్ల నటులనే పెట్టారు, కానీ గొంతు పాతదే. నల్లవాళ్ల సంఘం గట్టిగా అడ్డుపడింది. చదివేవాడు మనవాడే గదా, ఇంక తప్పేంది అనేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. నోరు మనదైనా గొంతు వాళ్లది కావచ్చు.

ఇప్పుడు అసలు పుస్తకాల్లోకి వద్దాం. మన జిల్లాలో పైకి చదవటానికి అందరూ ముందు పట్టుకునేది 'మాలపల్లి'. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో ఉండి రాసి, 1922లో అచ్చుకిచ్చిన నవల. తెల్లదొరల ప్రభుత్వం నిషేధించిన నవల. రాసినాయన మన కులం కాదు, బ్రాహ్మడు. కానీ గుంటూరు సీమ మాటను నవలలోకి తెచ్చాడు. అందులో రామదాసు మాలదాసరి, వేదాంతం మాట్లాడే పెద్దమనిషి. మన పిల్లలు రామదాసు దగ్గర ఇరుక్కుపోతారు. పాలేరు గొంతుతో చదివితే వేదాంతం అతకదు. అప్పుడు గుళ్లో పురాణం చెప్పే పంతులు గొంతు ఎత్తుకుంటారు. "మాలోడు ఇట్టా మాట్లాడతాడా? ఇది రచయిత మాటే" అని ఒక మిత్రుడు మాతో వాదించాడు కూడా.

రచయిత భావాలు రామదాసు నోట్లో ఉన్నాయి, ఆ విమర్శ వేరే చేసుకోవచ్చు, చెయ్యాలి కూడా. కానీ మాలోడు వేదాంతం మాట్లాడడనే మాట ఒప్పుకోం. మన వాడల్లో వీరబ్రహ్మం తత్వాలు, వేమన పద్యాలు నోటికొచ్చిన తాతలు లేరా? ఏక్‌తారా మీటుకుంటూ భజనల్లో అచలం గురించి తెల్లారేదాకా వాదించుకున్నవాళ్లు లేరా? వాళ్లు పంతులు గొంతుతో వాదించుకోలేదు. చుట్ట తాగుతూ, మధ్యలో దగ్గుతూ, "అది కాదురా అబ్బయ్యా, ఇను" అంటూ వాదించుకున్నారు. రామదాసు గొంతు ఆ తాత గొంతు. మీ వాడలో అట్టాంటి ముసలాయన ఇంకా బతికుంటే ముందు ఆయన దగ్గర రెండు సాయంత్రాలు కూర్చుని ఆ తర్వాత పుస్తకం పట్టుకోండి.

అదే నవల్లో సంగదాసు ఉన్నాడు. చౌదరయ్య ఇంట్లో పనిచేస్తూనే కూలి కోసం కూలోళ్లను కూడగట్టినవాడు, ఆ చౌదరయ్య చేతి దెబ్బకే చచ్చిపోయినవాడు. ఈ సంగదాసుకు మన కుర్రాళ్లు ఇంకో రకం గొంతు ఇస్తున్నారు. సభలో ఉపన్యాసం గొంతు. చెయ్యెత్తి, పిడికిలి బిగించి. ఆయన చౌదరయ్య కొడుకు రామానాయుడితో స్నేహంగా మాట్లాడే చోట కూడా అదే ఉపన్యాసం! మైకు ముందు తప్ప మన నాయకుడు మాట్లాడడా? ఇంట్లో అన్నం తినేటప్పుడు నవ్వడా? చనిపోయేవాడు ముందు బతికిన మనిషిగా వినపడితేనే గదా, చచ్చినప్పుడు వినేవాళ్ల కడుపులో కలుక్కుమనేది.

ఇక చౌదరయ్య గొంతు. దీని మీద మాకు ఎక్కువ పట్టింపు. ఆసామికి సినిమా విలన్ గొంతు పెడితే ఏమవుద్దంటే, వినేవాడు "మా ఊరి ఆసామి ఇట్టా ఉండడు, పాపం మంచోడే" అనుకుని ఇంటికి పోతాడు. నిజమే, మా ఊరి ఆసామి అట్టా గర్జించడు. పత్తితీతకు మనుషులు దొరకని వారంలో ఆయన గొంతు తేనె. వాడలోకి తనే బండేసుకుని వస్తాడు. "ఏమ్మా, పిల్లోడు కాలేజీలో చేరాడంటగా" అని అడుగుతాడు. కౌలు పైకం దగ్గర ఆయన గొంతు దిగులుపడ్డ గొంతు, "నాకేం మిగుల్తుంది చెప్పు, మందుల కొట్లో బాకీ నీకు తెల్వదా" అంటాడు. కూలి పెంచమన్నప్పుడు అసలు గొంతే ఉండదు, ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. ఆఖరికి తిట్టు కూడా చాలాసార్లు నవ్వుతూనే వస్తుంది. అదీ మనం చిన్నప్పట్నుంచీ దగ్గర్నుంచి విన్న గొంతు. ఆసామి గొంతు గురించి మనకంటే తెలిసినోడు ఎవడు? ఆ తెలివిడిని వదిలేసి సినిమావాడి దగ్గర అప్పు తెచ్చుకోవటం ఎందుకు? చౌదరయ్యను మెత్తగా చదవండి. వినే ఆడోళ్లు "అబ్బో, ఇదే మాట మొన్న మాతోనూ అన్నాడు" అంటారు. అప్పుడు నవల వాడలోకి వచ్చినట్టు.

ఒక చిక్కు ఉంది. నవలల్లో ఆసామి కులం పేరు పెట్టి తిడతాడు. బయట అందరి ముందు అంటే 1989 చట్టం కింద కేసు పెట్టాల్సిన మాట, పుస్తకంలో అచ్చై ఉంటుంది. ఎదురుగా ఏడెనిమిదేళ్ల పిల్లలు కూర్చుని ఉంటారు. పైకి చదవాలా, దాటెయ్యాలా? మా సంఘంలో దీని మీద రెండు మాటలున్నాయి. మా మాట ఇది: చదవాలి. దాటేస్తే ఆసామిని కడిగినట్టవుద్ది. కానీ ఆ మాటను రుచిగా చదవకూడదు. కొంతమంది కుర్రాళ్లు ఆ తిట్టు దగ్గరికొచ్చేసరికి గొంతు పెంచి, పళ్లు కొరికి, నటన అంతా అక్కడే చూపిస్తున్నారు. వినే ముసలమ్మ మొహం ఒకసారి చూడండి. ఆ మాట ఆమె ఎన్నిసార్లు పడిందో. మీ నటన కోసం ఆమె మళ్లీ పడాలా? మామూలు గొంతులో, తక్కిన మాటలెంత బరువో అంతే బరువుతో చదివి ఒక్క క్షణం ఆగండి చాలు. పిల్లలు అడిగితే ఆ రాత్రే చెప్పండి, రేపటికి వాయిదా వెయ్యొద్దు.

దీనికి ఎదురు చివర ఇంకో జబ్బుంది. డిగ్రీలు చేసిన మనవాళ్లలో కొందరు వాడ మాటను కడిగి చదువుతున్నారు. పుస్తకంలో 'యాడికి' అని ఉంటే 'ఎక్కడికి' అంటారు, 'ఏంది' అని ఉంటే 'ఏమిటి' అంటారు. రచయిత కష్టపడి తెచ్చిన మాటను బడి బల్ల మీద పెట్టి దిద్దుతున్నారు. ఎందుకయ్యా అంటే "మనోళ్లను తక్కువగా చూపించినట్టు ఉంటది గదన్నా" అంటారు. ఆ మాటలో బాధ ఉంది, మాకు అర్థమవుతుంది. కానీ తక్కువ ఉన్నది 'ఏంది'లో కాదు, దాన్ని వంకరగా పలికే నోట్లో. యెండ్లూరి సుధాకర్ గారి 'మల్లెమొగ్గల గొడుగు' మాదిగ కథలు 1999లో పుస్తకంగా వచ్చాయి. వాటిని దిద్ది చదివితే ఏం మిగుల్తుంది? ఆ కథల్లో మాటే మనిషి. దాన్ని మీ మేనత్తతో మాట్లాడినంత మామూలుగా చదవండి, ఎక్కడా తక్కువ వినపడదు.

ఇంతకీ సరైన గొంతు మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది. ఎక్కడంటే చర్చిలో. మన వాడలకు పైకి చదవటం అనే అలవాటు వచ్చిందే అక్కడ్నుంచి. 1842లో హయ్యర్ దొర గుంటూరు వచ్చాడు. ఒంగోలు దగ్గర క్లౌ దొర కరువు తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించాడు. ఆ తర్వాత బైబిలు స్త్రీలు వాడవాడకూ తిరిగి మన అవ్వలకు చదివి వినిపించారు. మతం సంగతి ఎవరిష్టం వాళ్లది, మేము చెప్పేది గొంతు సంగతి. ఆదివారం మన పిల్ల లేచి వాక్యం చదువుతుంది. యేసు వడ్లాయన కొడుకు. పేతురు చేపలు పట్టేవాడు. ఎదుట పిలాతు అధికారి. పేతురుకు ఆ పిల్ల ముక్కు గొంతు ఇస్తదా? వడ్లాయన కొడుకును "అయ్యా దొరా" సాగుడుతో చదువుతదా? చదవదు. కూలోడికీ రాజుకీ ఒకే గౌరవం గల గొంతు. అదే పిల్ల సోమవారం నవల పట్టుకుంటే పాలేరుకు వంకర గొంతు ఇస్తుంది! చర్చి చదువులో ఒక లోపం లేకపోలేదు. అంతా ఒకే రాగం మీద పోతుంది, నవలను అట్టా చదివితే జనం నిద్రపోతారు. రాగం వదిలెయ్యండి, గౌరవం ఉంచుకోండి.

వేరే సీమల పుస్తకాలు చదివేటప్పుడు ఏం చెయ్యాలి అని అడుగుతున్నారు. వేముల ఎల్లయ్య గారి 'కక్క' 2000లో వచ్చింది, నల్లగొండ మాదిగల మాట. చిలుకూరి దేవపుత్ర గారి 'పంచమం' అనంతపురం రచయిత రాసిన నవల. మన కుర్రాళ్లు తెలంగాణ యాస అనగానే సినిమాలో విన్న యాస దించుతారు, జనం మళ్లీ నవ్వులు. అది మన అన్నదమ్ముల భాష, వేషం వేసుకునే చొక్కా కాదు. పుస్తకంలో ఉన్న మాట ఉన్నట్టు చదవండి, పలుకుబడి మాత్రం మీదే ఉండనివ్వండి. గుంటూరు నోటితో నల్లగొండ మాట చదివినా అది నల్లగొండ మాటే, ఎవరూ మిమ్మల్ని తప్పు పట్టరు. తెలియని మాట వస్తే ఆగి, మన దగ్గర దాన్ని ఏమంటారో చెప్పి ముందుకు పోండి. వినేవాళ్లే "ఇక్కడ మనం ఇట్టంటాంగా" అని అందిస్తారు. మిరప కోతలకు కర్నూలు నుంచి, తెలంగాణ నుంచి కూలోళ్లు మన పొలాలకు వలస వస్తున్నారు గదా. చదివే రాత్రి వాళ్లనూ పిలిచి కూర్చోబెట్టుకోండి. వాళ్లలో చదువొచ్చినోళ్లుంటే పుస్తకం వాళ్ల చేతికే ఇవ్వండి.

"ఇన్ని పట్టింపులు పెడితే ఇంక రక్తి ఏముంటది అన్నా? జనం కూర్చోవద్దా?" అనేవాళ్లకు ఒక్క పేరు చెప్తాం. షేక్ నాజర్. గుంటూరు దగ్గర పొన్నెకల్లు మనిషి, పింజారీ కుటుంబంలో పుట్టిన బుర్రకథ పితామహుడు. పల్నాటి యుద్ధం చెప్తే బ్రహ్మనాయుడూ ఆయనే, బాలచంద్రుడూ ఆయనే, నాగమ్మా ఆయనే. పాత్రకో వేషం లేదు, పాత్రకో వంకర గొంతు లేదు. అడుగు మారేది, తంబుర మీద దెబ్బ మారేది, ఊపిరి మారేది. వేలమంది తెల్లవార్లూ కదలకుండా కూర్చున్నారు. మనిషి తేడా ఊపిరిలో తెలియాలి. తొందరపడే మనిషి తొందరగా మాట్లాడతాడు, భయపడ్డ మనిషి మాట మింగుతాడు, అలిసిపోయిన మనిషి మాట మధ్యలో ఆగుతాడు. ఇవి కులంతో వచ్చేవి కావు. పాలేరూ తొందరపడతాడు, ఆసామీ భయపడతాడు. ముఖ్యంగా ఆసామి భయం చదవటం నేర్చుకోండి, కూలోళ్లు పని ఆపిన రోజు ఆయన గొంతు ఎట్టా ఉంటదో మీకు తెలియంది కాదు.

ఆడవాళ్ల గొంతు గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. మగపిల్లలు మన ఆడమనిషి పాత్రకు రెండే గొంతులు పెడుతున్నారు. ఏడుపు, లేకపోతే గయ్యాళితనం. వేజెండ్లలో పుట్టిన కొలకలూరి ఇనాక్ గారి 'ఊరబావి' కథ చదవండి. నీళ్ల కాడ ఊరిమీద తిరగబడ్డ మన మనిషి ఆమె. ఆమెను ఏడుపు గొంతుతో చదివితే కథ తలకిందులవుద్ది, గయ్యాళి గొంతుతో చదివితే ఊరోళ్లే గెలుస్తారు. జి. కల్యాణరావు గారి 'అంటరాని వసంతం' 2000లో వచ్చింది. తరాల కథ అంతా రూతు అనే ముసలామె జ్ఞాపకాల మీదుగా నడుస్తుంది. మరి దాన్ని మగపిల్లాడే ఎందుకు చదవాలి? రూతు గొంతు మన ఇంటి ముసలామెది, ఆ పుస్తకం ఆడపిల్ల చేతిలో ఉండాలి. ఎల్లన్న పాటలొచ్చిన చోట వచనంలాగా చదివి దాటెయ్యకుండా కాసేపు ఆగితే, కోతల్లో పాడుకునే మన ఆడోళ్లే దానికి బాణీ కడతారు.

చదివేవాణ్ణి ఎవరు ఎంచుకోవాలనేది కూడా ముఖ్యం. క్యూబా దేశంలో 1865 నుంచి చుట్టల ఫ్యాక్టరీల్లో ఒక పద్ధతి ఉండేది. వందలమంది వరసగా కూర్చుని పొగాకు చుడుతుంటే, ఎత్తు పీట మీద ఒకాయన కూర్చుని పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల పైకి చదివేవాడు. ఆయన జీతం యజమాని ఇవ్వడు, కూలోళ్లే తలా కొంచెం వేసుకుని ఇచ్చేవాళ్లు. ఆ పని అమెరికాలోని టాంపా ఊరికి కూడా పాకింది. అక్కడ చదివేవాణ్ణి గొంతు పరీక్ష పెట్టి కూలోళ్లే ఎన్నుకునేవాళ్లు, ఏ నవల చదవాలో కూడా వాళ్లే తేల్చేవాళ్లు. మాంటెక్రిస్టో అనే చుట్టకు ఆ పేరు అట్టా చదివిన నవల నుంచే వచ్చిందంటారు. చదువు విని కూలోళ్లు చెడిపోతున్నారని యజమానులు 1931లో టాంపాలో చదివేవాళ్లను తీసేసి రేడియోలు పెట్టారు. ఒంగోలు, చిలకలూరిపేట వైపు పొగాకు గ్రేడింగులో నడుములు వంగిపోయిన మన ఆడవాళ్లకు ఈ ముచ్చట చెప్తే ఒకామె అంది, "మాకు అట్టాంటోడు ఉంటే రోజుకి ఇంకో రెండు గంటలు కూర్చునేవాళ్లం గానీ, మేస్త్రి ఉండనిచ్చేవాడా?" మన దగ్గర చదివేవాణ్ణి సంఘం నాయకుడు పంపిస్తున్నాడు. వినేవాళ్లు ఎంచుకోవటంలేదు. మూడు రాత్రులు ముగ్గురి చేత చదివించి, ఎవరు చదవాలో వాడ ఆడవాళ్లను తేల్చమనండి. వాళ్లు మీసం గొంతును మొదటి రాత్రే ఇంటికి పంపిస్తారు.

ఒక గొంతు కోసం ఇంత రాయాలా అని కొందరికి అనిపించొచ్చు. 1985 జూలైలో కారంచేడులో మంచినీళ్ల చెరువులో కుడితి కడుగుతుంటే అడ్డుపడ్డ మన పిల్లవాణ్ణి కొడుతుంటే, మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తింది. మర్నాడు జూలై 17న ఆరుగురు మాదిగలను చంపారు. ఆ సంగతులు రాసిన వ్యాసాలు ఈ మధ్య ఒక సభలో పైకి చదివించారు. చదివిన కుర్రాడు సువార్తమ్మ దగ్గరికి రాగానే గొంతు వణికించాడు, ఏడుపు పెట్టాడు. బిందె ఎత్తిన మనిషి ఏడుస్తూ ఎత్తిందా? ఆమెకు ఏడుపు గొంతు ఇస్తే జాలి పుడుతుంది, జాలితో మనకు పనేముంది? 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపిన కేసులో మనవాళ్లు కోర్టు బోనెక్కి సాక్ష్యం చెప్పారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. ఏళ్ల తరబడి బెదిరింపుల మధ్య బోనెక్కినవాళ్ల గొంతు ఏ సినిమాలో ఉంది? మన పిల్లవాడు రేపు స్టేషన్లో ఎస్సై ముందో, ఎమ్మార్వో బల్ల ముందో నిలబడాలి. "మాల మాదిగలు ఇట్టా మాట్లాడతారు" అని రాత్రి మన నవలే వాడి చెవిలో వంకర గొంతు పోస్తే, అక్కడ వాడి మెడ దానంతటదే వంగుతుంది.

ఈ కోతల కాలంలో మా మండలంలో నాలుగు వాడల్లో 'మాలపల్లి', రెండు వాడల్లో 'అంటరాని వసంతం' చదవాలని అనుకున్నాం. చదవబోయే పిల్లలు రోజుకు పది పేజీలు ముందు తమ ఇంట్లో, తమ అమ్మకో అవ్వకో చదివి వినిపించాలి. ఎక్కడ ఆమె "మనం అట్టా అనం" అంటుందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకుని రావాలి. గీతలు పెట్టిన ఆ పుస్తకాలను సంక్రాంతి తర్వాత మొదటి ఆదివారం కూర్చుని అందరం చూద్దాం. 'అంటరాని వసంతం' చదవటానికి ఇప్పటికి ఇద్దరు ఆడపిల్లలు ముందుకొచ్చారు. ఇంకో ఇద్దరు కావాలి.